అద్దె కూడా టేబుల్ దగ్గర కూర్చుంటే...

2025 సంక్రాంతి. భీమవరం దగ్గర మా అత్తగారి ఊరు. భోగి మంట చల్లారింది, గారెలు అయిపోయాయి, దూరంగా కోడిపందేల బరి దగ్గర మైకు మోగుతోంది. మా బామ్మర్ది నన్ను మేడ మీదికి తీసుకెళ్లాడు. మెట్ల వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"బావా, జాబ్ మానేద్దామనుకుంటున్నా."

"ఇంకో కంపెనీలో వచ్చిందా?"

"లేదు. పోకర్ ఆడతా. ఫుల్‌టైమ్."

వాడికి 27 ఏళ్లు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పీఎఫ్, పన్ను అన్నీ పోగా చేతికి నెలకి లక్షా పది వేలు వస్తుంది. చెడు అలవాట్లు లేవు. అప్పు లేదు. అలాంటివాడు ఈ మాట అంటే ఏమనాలి? నా నోటికి వచ్చింది ఒక్కటే: "మీ అమ్మకి చెప్పావా?"

మా అత్తయ్య వాళ్ల నాన్నగారు రెండెకరాల పొలం పేకాటలో పోగొట్టారు. అందుకే ఆ ఇంట్లో పండగకి కూడా పేక ముక్క కనబడదు. పక్కింట్లో రమ్మీ ఆడుతుంటే ఆవిడ మన కిటికీ మూసేస్తుంది.

"అది పేకాట బావా. ఇది పోకర్. స్కిల్ గేమ్. ఉండు చూపిస్తా" అని ఫోన్ తీసి యాప్ ఓపెన్ చేశాడు. మీరున్న రాష్ట్రంలో డబ్బుతో ఆడటానికి వీల్లేదని మెసేజ్ వచ్చింది. నవ్వేసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "బెంగళూరు వెళ్తే వస్తుందిలే."

ఆ రోజు మేం రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఆ మెసేజ్ గురించి మాత్రం ఒక్క మాట అనుకోలేదు. ఈ వారం వాడి కథే చెప్తా. పేరు రాయనని మాటిచ్చి, పర్మిషన్ తీసుకున్నాకే రాస్తున్నా.

స్కిల్లే. కానీ...

ముందు వాడి పక్షాన మాట్లాడతా. పోకర్‌లో బాగా ఆడే రకం 'టెక్సస్ హోల్డెమ్'. ఒక్కొక్కరికీ రెండు ముక్కలు మూసి ఇస్తారు. మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు విడతలవారీగా తెరుస్తారు. ప్రతి విడతకీ పందెం కాయాలి, పెంచాలి, లేదా ముక్కలు పడేసి తప్పుకోవాలి. ఎదుటివాడి దగ్గర ఏముందో వాడు కాసే పందెం తీరుని బట్టి అంచనా వేయాలి. చెత్త ముక్కలతో కూడా ఎదుటివాణ్ణి భయపెట్టి గెలవొచ్చు. కాబట్టి నేర్పు ఉంది, అందులో డౌట్ లేదు.

రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేనని సుప్రీంకోర్టు 1960ల్లోనే చెప్పింది. అది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసు. పోకర్ విషయంలో మాత్రం కోర్టులు ఒక్క మాట మీద లేవు. గుజరాత్ హైకోర్టు 2017లో పోకర్‌ని జూదంగానే చూసింది.

నేర్పు ఉన్నంత మాత్రాన ఈ రోజు గెలుస్తామని కాదు. మీ చేతిలో రెండు ఆసులు, ఎదుటివాడి చేతిలో రెండు రాజులు ఉన్నాయనుకోండి. ఇద్దరూ ఉన్న డబ్బంతా పెట్టేశారు. మీరు చేసింది కరెక్టే. అయినా నూటికి దాదాపు 18 సార్లు వాడే గెలుస్తాడు. మీ తప్పేం లేకపోయినా డబ్బు పోతుంది. ఈ ఎగుడుదిగుళ్లనే పోకర్ వాళ్లు 'వేరియెన్స్' అంటారు.

అది ఎంత పెద్దదో తెలియాలంటే ఒక లెక్క చూడండి. నిజంగా గెలిచే సత్తా ఉన్న ఆటగాణ్ణి తీసుకుని, ఆన్‌లైన్‌లో మామూలుగా ఉండే గెలుపు రేటు, ఎగుడుదిగుళ్లు వేసి లెక్కగడితే, పదివేల హ్యాండ్లు ఆడాక కూడా వాడు నష్టంలో ఉండే అవకాశం దాదాపు పదికి మూడు. క్యాసినోలో మనుషుల మధ్య కూర్చుని ఆడితే గంటకి 25, 30 హ్యాండ్లకి మించి పడవు. అంటే పదివేల హ్యాండ్లకి రెండు నెలలకి పైగా ఫుల్‌టైమ్ పని. రెండు నెలలు తప్పు లేకుండా పనిచేసి, చివర్లో జీతం రాకపోగా మీరే ఎదురు కట్టే అవకాశం పదికి మూడు అన్నమాట. మన హెచ్‌ఆర్ వాళ్లు ఇలాంటి ఆఫర్ లెటర్ ఇస్తే సంతకం పెడతామా?

మేడ మీద ఎక్సెల్ షీటు

మావాడు ఉత్త మాటలు చెప్పలేదు, అది మెచ్చుకోవాలి. 14 నెలల ఎక్సెల్ షీటు చూపించాడు. తేదీ, గంటలు, లాభనష్టం. మొత్తం లాభం 6 లక్షల 20 వేలు. సుమారు 900 గంటలు ఆడాడు.

నేను కామర్స్ చదివినవాణ్ణి. వేలు పెట్టకుండా ఉండలేను.

"ఈ ఒక్క ఆదివారం ఏంట్రా, 3 లక్షల 80 వేలు?"

"టోర్నమెంట్ కొట్టా బావా."

"సరే. ఆ ఒక్క రోజు తీసేసి చూడు."

తీసేస్తే 14 నెలలకి మిగిలింది 2 లక్షల 40 వేలు. నెలకి 17 వేల చిల్లర. గంటకి 270 రూపాయలు కూడా లేదు. ఆ ఆదివారాన్ని కలిపినా గంటకి 690 లోపే, అదీ పన్నుకి ముందు. ఉద్యోగంలో వాడికి గంటకి 600 పైగా పడుతోంది, అదీ పన్నులన్నీ పోయాక.

మన దేశంలో ఈ గెలుపు మీద పన్ను 30 శాతం, సెస్సు కలిపితే 31.2. స్లాబులు వర్తించవు. కోచింగ్‌కి పెట్టాను, ల్యాప్‌టాప్ కొన్నాను అంటే ఆ ఖర్చు తీసెయ్యరు. ఈ ఏడాది నష్టాన్ని వచ్చే ఏడాది లాభంలో సర్దుకోనివ్వరు. చేతికి లక్షా పది వేలు మిగలాలంటే నెలకి లక్షా అరవై వేలు గెలవాలి. ప్రతి నెలా. ఇంతా చేసి పీఎఫ్ లేదు, ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ లేదు, హోమ్‌లోన్‌కి చూపించడానికి పే స్లిప్ లేదు. ఆటని నడిపేవాడు ప్రతి పందెంలోంచీ తీసుకునే కమీషన్, అదే 'రేక్', ఎలాగూ ఉంది.

మావాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆఖరి అస్త్రం తీశాడు. "మరి మనీమేకర్ సంగతేంటి?"

గెలిచినవాళ్లు గుర్తుంటారు

క్రిస్ మనీమేకర్. నిజంగా అదే ఇంటిపేరు. అమెరికాలోని టెనసీ రాష్ట్రంలో అకౌంటెంట్. 2003లో 86 డాలర్లు కట్టి ఆన్‌లైన్ పోటీ ఆడి, పదివేల డాలర్ల ఎంట్రీ ఉన్న వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్‌లో సీటు సంపాదించాడు. వెళ్లి గెలిచేశాడు. 25 లక్షల డాలర్లు! తర్వాత ఉద్యోగం మానేసి పోకర్‌లోనే ఉండిపోయాడు.

ఆ ఏడాది ఆ పోటీలో కూర్చున్నది 839 మంది. అతన్ని చూసి ఆశపడి వచ్చినవాళ్లతో 2006కి ఆ సంఖ్య 8,773 అయింది. మనీమేకర్ పేరు అందరికీ తెలుసు. మిగతా 838 మందిలో ఒక్కరి పేరు చెప్పు అన్నా. చెప్పలేకపోయాడు.

నాకు నచ్చిన ఉదాహరణ ఇంకోటి ఉంది. మరియా కొన్నికోవా. సైకాలజీలో డాక్టరేట్ చేసిన రచయిత్రి. పోకర్ ఎలా ఆడతారో కూడా తెలియని మనిషి, ఎరిక్ సైడెల్ అనే దిగ్గజం దగ్గర శిష్యరికం చేసింది. 2018 జనవరిలో ఒక పెద్ద టోర్నమెంట్ గెలిచి 84,600 డాలర్లు తెచ్చుకుంది. కానీ ఆవిడ పోకర్‌లోకి దిగిందే పుస్తకం రాయడానికి. 2020లో 'ది బిగ్గెస్ట్ బ్లఫ్' వచ్చింది కూడా. టేబుల్ మీద ఓడినా రాసే పని ఎక్కడికీ పోదు. వెనక్కి రావడానికి దారి ఉంచుకుని వెళ్లిందన్నమాట.

"నువ్వూ అలా చూడు" అన్నా. అప్పుడు కుదిరింది మా ఒప్పందం.

ఆరు నెలల పరీక్ష

రూల్ సింపుల్. ఫిబ్రవరి నుంచి జులై దాకా జీతం వేరే అకౌంట్‌లో పడుతుంది. దాన్ని ముట్టుకోకూడదు. ఉద్యోగం చేస్తూనే రాత్రిళ్లు, వీకెండ్లు ఆడాలి. అద్దె, తిండి, పెట్రోలు, అమ్మకి పంపే డబ్బు అన్నీ పోకర్ లాభంలోంచే. వాడి ఖర్చు నెలకి 45 వేలు. అలా బతకగలిగితే ఆగస్టులో వాడి పుట్టినరోజున రాజీనామా. అత్తయ్యకి నేనే చెప్తా. ఈ ఆఖరి క్లాజుకి వాడు చాలా సంతోషించాడు. నాకు మాత్రం రెండు రోజులు నిద్ర పట్టలేదు.

ఫిబ్రవరి: 58 వేలు లాభం. "చూశావా బావా!"

మార్చి: 41 వేలు లాభం. ఫోన్ చేయలేదు, మెసేజ్ పెట్టాడు.

ఏప్రిల్: 72 వేలు నష్టం. మెసేజ్ కూడా లేదు.

మే: 15 వేలు నష్టం. జూన్: 64 వేలు లాభం. జులై: 22 వేలు లాభం.

కూడి చూడండి. ఆరు నెలలకి 98 వేలు లాభం. ఖర్చు 2 లక్షల 70 వేలు. వాడు ఓడిపోలేదు, ఇది గమనించాలి. ఆ టేబుళ్ల మీద కూర్చున్న చాలామంది కంటే బాగా ఆడాడు. గెలిచాడు కూడా. ఆ గెలుపు అద్దెకి సరిపోలేదు, అంతే.

ఆరు నెలలు చాలా తక్కువ టైమ్, అదృష్టం బాగోలేదేమో అని వాడు వాదించొచ్చు. లెక్క ప్రకారం ఆ వాదన కరెక్టే. కానీ వాడు వాదించలేదు. ఎందుకో మొన్న చెప్పాడు. ఏప్రిల్లో ఏం జరిగిందో అప్పుడే తెలిసింది నాకు.

"ఏప్రిల్ 3న ఓనర్ అద్దె అడిగాడు బావా. పోకర్ అకౌంట్‌లోంచి తీసి కట్టా. ఆ రాత్రి ఆడుతుంటే మంచి ముక్కలు పడ్డాయి. ఎదుటివాడు బ్లఫ్ అని నాకు తెలుసు. మామూలుగా అయితే కాల్ చేస్తా. కానీ ఈ డబ్బు పోతే వచ్చే నెల అద్దె ఎలా అనిపించింది. ఫోల్డ్ చేశా. వాడు ముక్కలు తిప్పి చూపించాడు. ఉత్త చెత్త. అక్కణ్ణుంచి నా ఆట నాది కాదు. మొదట భయపడి ఆడా. తర్వాత పోయింది లాగాలని పెద్ద టేబుల్ ఎక్కా. రెండు రోజులు జ్వరం అని మేనేజర్‌కి అబద్ధం చెప్పా."

సరదాగా ఆడినన్నాళ్లూ వాడు మంచి ఆటగాడు. ఎందుకంటే జీతం వెనకాల ఉంది. పోయినా ఏం కాదన్న ధీమాతో సరైన నిర్ణయాలు తీసుకున్నాడు. ఆ 14 నెలల ఎక్సెల్ షీటులో కనిపించిన లాభం వెనక వాడి తెలివి ఎంతుందో, ఒకటో తారీఖు పడే జీతం కూడా అంతే ఉంది. జీతం పక్కకి పెట్టగానే అద్దె వచ్చి టేబుల్ దగ్గర కూర్చుంది.

ప్రొఫెషనల్స్ అందుకే 'బ్యాంక్‌రోల్' వేరు, ఇంటి ఖర్చు వేరు అంటారు. ఆట డబ్బు ఆటకే. ఏడాదికి సరిపడా ఇంటి ఖర్చు విడిగా, ముట్టుకోకుండా ఉండాలి. మావాడి దగ్గర రెండూ కలిపి ఒకటే అకౌంటు.

ఆగస్టు 22

పరీక్ష ఫెయిలైనా వాడు ఆశ వదల్లేదు. ఇంకో ఆరు నెలలు చూద్దాం బావా అన్నాడు. ఈలోగా ఆగస్టు వచ్చింది.

వెనక్కి వెళ్లి ఆ మేడ మీద మెసేజ్ గుర్తు తెచ్చుకోండి. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో. మన రెండు రాష్ట్రాల్లో అది ఆడినా నేరమే. కర్ణాటక 2021లో తెచ్చిన చట్టాన్ని అక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది కాబట్టి మావాడికి బెంగళూరులో ఆట నడిచింది. 2023 అక్టోబరులో పెట్టే డబ్బు మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. అయినా నడిచింది.

2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ బిల్లుని పాస్ చేశాయి. 22న రాష్ట్రపతి సంతకం అయింది. స్కిల్లా లక్కా అన్న తేడా లేదు, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దేశమంతటా బంద్. ఆడించేవాళ్లకి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆ చట్టం మీద కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, అది వేరే సంగతి. మావాడి యాప్‌లో మాత్రం రోజుల్లోనే క్యాష్ టేబుళ్లు మాయమయ్యాయి. అకౌంట్‌లో ఉన్నది వెనక్కి తీసుకున్నాడు.

ఇలా జరగడం ప్రపంచంలో మొదటిసారి కాదు. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం మూడు పెద్ద పోకర్ సైట్లని ఒక్కరోజులో మూయించింది. దాన్ని 'బ్లాక్ ఫ్రైడే' అంటారు. ఇల్లు గడవడానికి వాటి మీదే ఆధారపడ్డ ఆటగాళ్లు తెల్లారేసరికి పని లేనివాళ్లయ్యారు. ఇంకా ఆడాలనుకున్నవాళ్లు కొందరు కెనడా, మెక్సికో లాంటి చోట్లకి ఇల్లు మార్చుకున్నారు.

ఆ రాత్రి మావాడు ఫోన్ చేశాడు. "బావా, సంక్రాంతికే పేపర్లు పెట్టుంటే ఈపాటికి ఏం చేసేవాణ్ణి?" నా దగ్గర జవాబు లేదు. కంపెనీ తీసేస్తే ఇంకో కంపెనీ ఉంటుంది. ఇక్కడ వృత్తే మాయమైంది.

మీరూ అదే ఆలోచనలో ఉంటే

నాకు తెలుసు, ఇది చదివేవాళ్లలో పోకర్ ఆడేవాళ్లు కొద్దిమందే. కానీ ఉద్యోగం మానేసి ఆప్షన్స్ ట్రేడింగ్ చేద్దామనో, యూట్యూబ్ ఛానెల్ పెడదామనో అనుకునేవాళ్లు బోలెడుమంది. (ఆప్షన్స్ సంగతి వచ్చింది కాబట్టి ఒక్క అంకె: ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన సామాన్య ఇన్వెస్టర్లలో మూడేళ్ల కాలానికి 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024లో లెక్క తేల్చింది.) అందరికీ పనికొచ్చే ప్రశ్నలు నాలుగున్నాయి.

మీ బెస్ట్ రోజుని తీసేస్తే ఎంత మిగిలింది? అది చూడకుండా సగటు లెక్కేయకండి.

జీతం ముట్టుకోకుండా ఆరు నెలలు బతికి చూశారా? ఆ ఆరు నెలల్లో మీ నిర్ణయాలు మారాయా?

ఒక్క చట్టమో, ఒక్క కంపెనీ రూలో మారితే మీ పని మొత్తం ఆగిపోతుందా? ఆగితే వెనక్కి రావడానికి దారి ఏది?

ఇంట్లో చెప్పగలరా? మెట్ల వైపు చూసి గొంతు తగ్గించాల్సి వస్తుంటే ఎందుకో ముందు అది తేల్చుకోండి.

ఇంకో మాట. పోయింది లాగాలని ఆడుతుంటే, అప్పు చేసి ఆడుతుంటే, ఆడిన సంగతి దాస్తుంటే అది కెరీర్ ప్రశ్న కాదు. సాయం తీసుకోవాల్సిన విషయం. టెలీ మానస్ నంబర్ 14416, ఫ్రీ. తెలుగులోనే మాట్లాడొచ్చు. వీపీఎన్ పెట్టి విదేశీ సైట్లలో ఆడొచ్చని ఎవడైనా చెప్తే వినకండి. వాడు డబ్బు ఎగ్గొడితే అడగడానికి మీకు దిక్కుండదు.

మొన్న దీపావళికి వాడు ఊరొచ్చాడు. అదే మేడ మీద కాకరపువ్వొత్తులు కాలుస్తూ అన్నాడు, "బావా, గోవా క్యాసినోల్లో పోకర్ ఉంది కదా. సెలవు పెట్టి ఏడాదికి రెండు టోర్నమెంట్లు ఆడొస్తా. జీతంలోంచి కాదు, విడిగా దాచిన డబ్బుతో. అది పోతే ఆ ఏడాదికి అంతే."

నేను వద్దనలేదు. ఇది ఉద్యోగం మానేయడం కాదు, ఇష్టానికి ఒక బడ్జెట్ పెట్టుకోవడం. వాడికి నిజంగా సత్తా ఉంటే అక్కడా కనబడుతుంది. అప్పుడు మళ్లీ ఎక్సెల్ షీటు తెరుద్దాం.

"సరేగానీ, మీ అమ్మకి ఎవరు చెప్తారు?" అన్నా.

"ఒప్పందం ప్రకారం నువ్వే కదా" అన్నాడు.

"అది రాజీనామాకి. గోవాకి కాదు."

కాసేపు ఆలోచించి, చేతిలో కాకరపువ్వొత్తి ఆరిపోయాక, మెట్లు దిగి వంటింట్లోకి వెళ్లాడు. పావుగంట తర్వాత అత్తయ్య గొంతు పెద్దగానే వినిపించింది. ఇంకో పావుగంటకి వాడు తిరిగి పైకొచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. కానీ ఈసారి మెట్ల వైపు చూసుకోకుండానే మాట్లాడాడు.